అన్నం మానేసి రోజూ గంట నడిచాను, తగ్గిన బరువంతా తిరిగొచ్చింది. ఏం చేయాలి?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. రెండో పాప పుట్టాక పెరిగిన ఒళ్లు మళ్లీ తగ్గలేదు. పోయినేడు గట్టిగా అనుకుని అన్నం పూర్తిగా మానేశాను. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం ఒక చపాతీ, కీరా ముక్కలు, రాత్రి ఒక పండు, గ్లాసు పాలు. రోజూ లకారం ట్యాంక్‌బండ్ మీద గంట నడిచేదాన్ని. రెండు నెలల్లో 7 కిలోలు తగ్గాను. ఆ తర్వాత నీరసం, చిరాకు, జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడటం. స్కూల్లో పరీక్షల పని మీద పడి నడక ఆగింది. ఆరేడు నెలల్లో తగ్గిన బరువంతా తిరిగి వచ్చేసింది. మా వారు ‘వ్యాయామం చెయ్యి చాలు, ఏం తిన్నా ఫర్వాలేదు’ అంటారు. మా అక్క ‘నోరు కట్టుకుంటే చాలు, ఈ నడకలూ జిమ్ములూ ఎందుకు’ అంటుంది. ఎవరి మాట వినాలి? ఇంట్లో అత్తయ్య, మా వారు, ఇద్దరు పిల్లలు. నాకోసం విడిగా వండుకునే టైం లేదు. మోకాళ్లు కూడా మెట్లెక్కేటప్పుడు కొంచెం నొప్పిగా ఉంటున్నాయి. మళ్లీ మొదలుపెట్టాలంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందుగా ఒక మాట. మీకు పట్టుదల లేకపోవడం వల్ల ఇది జరగలేదు. ఆ కాస్త తిండితో, స్కూల్లో రోజంతా నిలబడి పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి వంట చేసి, దాని మీద గంట నడక! రెండు నెలలు అలా ఉండగలిగారంటే మీ పట్టుదలకు వంక పెట్టడానికి లేదు. మీరు రాసిన తిండి మొత్తం కలిపినా రోజుకు వెయ్యి కేలరీలు దాటదు. మీ ఎత్తు, బరువు, వయసు, చేసే పనిని బట్టి చూస్తే మీ ఒంటికి రోజూ సుమారు 1900 కేలరీలు కావాలి. సగం తిండితో బండి ఎంతకాలం నడుస్తుంది? ఆగింది మీరు కాదు, మీ ఓపిక.

మీ వారి మాటలో సగం నిజముంది, మీ అక్కగారి మాటలో మిగతా సగం ఉంది. బరువు తగ్గించే పనిలో ఎక్కువ వంతు తిండిదే. మీ బరువున్న మనిషి గంటసేపు మామూలు వేగంతో నడిస్తే ఖర్చయ్యేది 200 నుంచి 250 కేలరీలు. దారిలో బండి దగ్గర ఆగి నాలుగు మిరపకాయ బజ్జీలు తింటే అదంతా తిరిగి ఒంట్లోకి చేరుతుంది. అందుకే ‘ఏం తిన్నా ఫర్వాలేదు’ అన్న మాట నిలవదు. కానీ తగ్గేది కొవ్వా, కండా అనేది ఎక్కువగా వ్యాయామం మీద ఆధారపడి ఉంటుంది. తగ్గిన బరువు తగ్గినట్టే నిలవాలన్నా వ్యాయామం కావాలి. నోరు కట్టుకోవడం ఒక్కటే సరిపోతే మీకు ఆ 7 కిలోలు తిరిగి వచ్చేవి కావు.

కాబట్టి తిండికీ వ్యాయామానికీ మధ్య బ్యాలెన్స్‌కు నేను చెప్పే కొలత ఒక్కటే. రేపటి వ్యాయామానికి ఓపిక మిగిలేంతగా తినాలి. అంతకంటే తగ్గించకూడదు. తిన్నదాన్ని కరిగించడానికి శిక్షలాగా వ్యాయామం చేయకూడదు. ఈ రెండూ గుర్తుంటే మిగతావన్నీ సర్దుకోవచ్చు.

పోయినసారి లోపల ఏం జరిగిందో తెలిస్తే మళ్లీ ఆ దారిన వెళ్లరు. అన్నం, రొట్టెలు బాగా తగ్గించిన మొదటి వారం పది రోజుల్లో తగ్గే బరువులో పెద్ద భాగం నీరు. కాలేయంలో, కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ ఖర్చవుతుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్ దాదాపు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది కాబట్టి ఆ నీరు కూడా పోతుంది. మిషన్ మీద అంకె చూసి సంతోషపడతాం, కానీ కొవ్వు ఇంకా పెద్దగా కదిలి ఉండదు. తర్వాత కొవ్వుతో పాటు కండ కూడా కరిగింది. మీ తిండిలో ప్రొటీన్ చాలా తక్కువ, నడక తప్ప కండకు పని చెప్పే వ్యాయామం లేదు. వాడని కండను, పైగా తిండి చాలనప్పుడు, శరీరం ఎందుకు కాపాడుకుంటుంది? జీతం సగమైతే ఇంట్లో ఖర్చులు తగ్గించుకున్నట్టే ఒళ్లు కూడా తన ఖర్చు తగ్గించుకుంది. నీరసం, చలిగా అనిపించడం, కదలాలనిపించకపోవడం అన్నీ ఆ పొదుపులో భాగమే. మళ్లీ మామూలుగా తినడం మొదలుపెట్టగానే బరువు వచ్చింది, అయితే పోయిన కండంతా రాలేదు, ఎక్కువగా కొవ్వే చేరింది. ఇలా తగ్గి పెరిగి, తగ్గి పెరిగి ఉండటం కంటే 74 దగ్గరే నిలకడగా ఉండి బాగా తిని నడవడం మేలని నేను గట్టిగా నమ్ముతాను.

జుట్టు సంగతి. ఒక్కసారిగా తిండి తగ్గించిన రెండు మూడు నెలలకు జుట్టు ఎక్కువగా రాలడం చాలామందిలో కనిపిస్తుంది. తిండి సరిపడా అందితే కొన్ని నెలల్లో చాలావరకు తిరిగి వస్తుంది. దీనికి నూనెలూ షాంపూలూ మార్చి డబ్బు పోగొట్టుకోకండి.

ఈసారి మొదలుపెట్టే ముందు కొన్ని రక్తపరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, బీ12, డి విటమిన్. మన ఆడవాళ్లలో రక్తహీనత చాలా ఎక్కువ. ఒంట్లో రక్తం లేకుండా ‘నాకు నడిస్తే ఆయాసం, నా వల్ల కాదు’ అనుకునే వాళ్లు ఎంతోమంది. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తుంటే మందు వేసుకోకుండా ఎంత నడిచినా విసుగే మిగులుతుంది. నెలసరి సరిగా రాకపోతే అది కూడా డాక్టర్‌కు చెప్పండి. ఇది చదువుతున్న వాళ్లలో షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఉంటే, వాళ్లు డాక్టర్‌ను అడగకుండా అన్నం తగ్గించడం గానీ, వ్యాయామం పెంచడం గానీ చేయొద్దు. షుగర్ ఉన్నట్టుండి పడిపోయి ప్రమాదం కావచ్చు.

ఇప్పుడు లెక్క. మీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే కొలత, 30. మన భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క, కాబట్టి తగ్గాల్సిన అవసరం ఉంది. కానీ పెళ్లినాటి బరువు గుర్తు చేసుకుని దాని వెంట పడకండి. మొదటి మజిలీ 70 కిలోలు. మీ బరువులో 5 శాతం తగ్గినా షుగర్, బీపీ, రక్తంలో కొవ్వుల్లో మార్పు కనిపించడం మొదలవుతుంది. మోకాళ్ల విషయంలో అయితే ఒక్కో కిలో తగ్గినప్పుడు, వేసే ప్రతి అడుగుకూ మోకాలి మీద పడే భారం దాదాపు 4 కిలోలు తగ్గుతుంది. రోజుకు 1400 నుంచి 1500 కేలరీల దగ్గర ఉంటే నెలకు కిలోన్నర, బాగా కుదిరితే రెండు కిలోలు తగ్గుతారు. పోయినసారితో పోలిస్తే ఇది నత్తనడకలా అనిపిస్తుందని తెలుసు. అయినా ఇదే సరైన వేగం.

మీరు అన్నం మానాల్సిన పని లేదు. మన భోజనం ఎలా సాగుతుందో ఒకసారి గమనించండి. మొదట పప్పన్నం, తర్వాత కూరన్నం, ఆపైన చారన్నం, చివర పెరుగన్నం. నాలుగు వాయిలు, ప్రతి వాయికీ మళ్లీ అన్నం. ఏ వాయిలోనూ ఎక్కువ తిన్నట్టు ఉండదు, లేచేసరికి మాత్రం మూడు నాలుగు కప్పులు అయిపోతుంది. దీన్ని రెండు వాయిలకు తగ్గించండి. ఒక మామూలు కప్పు అన్నం, అంటే 60 గ్రాముల బియ్యంతో వచ్చేది, ముందే కంచంలో పెట్టుకుని గిన్నె దూరంగా ఉంచండి. సగం పప్పుతో, సగం కూరతో తినండి. చారు గ్లాసులో పోసుకుని తాగండి. పెరుగు విడిగా చిన్న గిన్నెలో తినండి. అత్తయ్యగారికి, పిల్లలకు వండిందే మీకూ. వంట ఒక్కటే, వడ్డించుకునే తీరు వేరు. మొదటి వారం కడుపు నిండనట్టు ఉంటుంది, పెరుగన్నం లేకుండా భోజనం ముగిసినట్టే ఉండదు. అలాంటప్పుడు ఆ కప్పులోనే రెండు ముద్దలు పెరుగు కోసం దాచుకోండి. ఆ తృప్తిని వదులుకోనక్కర్లేదు.

రెండో మార్పు కూరలో. అయిదుగురికి అరకిలో బెండకాయలు వేయించి అన్నంలో నంజుకుంటున్నాం. అదే కిలో చేయండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు చేసే పళ్లెంలో ఒక మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్లు ఉంటాయి. మన ఇళ్లలో అందులో సగం కూడా పడదు. తోటకూర, పాలకూర, బచ్చలి, సొరకాయ, బీరకాయ, దొండకాయ, ఏది దొరికితే అది. ఖరీదైన బ్రోకలీలూ కీన్వాలూ అక్కర్లేదు. అయితే కూర రెట్టింపు చేశారని నూనె రెట్టింపు చేయొద్దు. ఒక పెద్ద చెంచా నూనెలో 120 కేలరీలు ఉంటాయి, అది కంటికి కనిపించదు, కడుపు నింపదు. రోజూ గరిటె కొలవడం కుదరని పని కాబట్టి నెల సరుకుల దగ్గరే కొలవండి. మీ ఇంట్లో అయిదుగురు, మనిషికి నెలకు అరలీటరు చొప్పున రెండున్నర లీటర్లు. ఇప్పుడు అయిదు లీటర్లు తెస్తుంటే ఒకేసారి సగానికి కోయకుండా నెలకు అరలీటరు చొప్పున దిగండి, అత్తయ్యగారికి రుచి తేడా తెలియదు. పోపు సగం నూనెతో వేసి, కూరను మూతపెట్టి ఆవిరి మీద మగ్గనివ్వండి.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, ప్రొటీన్. పోయినసారి మిమ్మల్ని దెబ్బతీసింది ఇదే. బరువు తగ్గే సమయంలో మీకు రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా కావాలి. పౌడర్లు కొనకుండానే ఇది వస్తుంది. పొద్దున ఓట్స్ బదులు 50 గ్రాముల పెసలతో పెసరట్టు, పక్కన ఉడికించిన గుడ్డు. మధ్యాహ్నం పప్పును నీళ్లలా కాకుండా చిక్కగా చేసుకుని, ఓ 30 గ్రాముల కందిపప్పు మీ వంతుకు వచ్చేలా చూసుకోండి. కప్పున్నర పెరుగు. స్కూలు నుంచి రాగానే ఆకలి వేసే సమయం ఒకటి ఉంటుంది, బిస్కెట్లు, మిక్చరు లోపలికి పోయేది అప్పుడే. ఆ టైంకి శనగ గుగ్గిళ్లు గానీ, ఉలవ గుగ్గిళ్లు గానీ సిద్ధంగా ఉండాలి. రాత్రి రెండు చిన్న జొన్నరొట్టెలు, మీల్‌మేకర్ కూర. మీరు మాంసాహారులైతే దాని బదులు చేపో, చికెనో, వేపుడు కాకుండా పులుసుగానో కూరగానో. మధ్యలో ఒక జామకాయ. ఇదంతా కలిపితే దాదాపు 1400 కేలరీలు, 60 గ్రాముల ప్రొటీన్. పోయినసారి మీరు తిన్నదానికంటే ఎంత ఎక్కువో చూశారా!

మిల్లెట్లు తింటే బరువు తగ్గుతారని చాలామంది రాస్తుంటారు. కొర్రల్లో, జొన్నల్లో పీచు ఎక్కువ, మంచివే. కానీ కేలరీలు బియ్యంతో దాదాపు సమానం. కొర్రన్నమే కదా అని రెండు కంచాలు తింటే ఫలితం ఉండదు.

చిన్నవిగా కనిపించే రెండు మూడు అలవాట్లు కూడా చూసుకోండి. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార అయితే అదే 160 కేలరీలు. రెండు టీలు, చెంచా పంచదార దగ్గరకు రండి. పిల్లలు కంచంలో వదిలేసింది పారేయలేక మీరు తినేస్తుంటే, వాళ్లకే తక్కువ వడ్డించి మళ్లీ అడిగితే పెట్టండి. శనివారం ఒక్కపొద్దు ఉండే అలవాటు ఉంటే భక్తిగా ఉండండి, దానికి అడ్డు చెప్పను. కానీ పొద్దంతా ఏమీ తినకుండా రాత్రికి నూనె ఓడుతున్న దోశలు, ఉప్మా, పైన స్వీటు తింటే ఆ పూట భోజనం కంటే ఎక్కువే లోపలికి వెళుతుంది. ఇడ్లీలు, పెసరట్టు, పళ్లు పెట్టుకోండి.

ఇక వ్యాయామం. రోజూ గంట వద్దు. అంత టైం పరీక్షలప్పుడు, పెళ్లిళ్లప్పుడు దొరకదు, దొరకలేదని మొత్తం ఆపేస్తాం. వారంలో అయిదు రోజులు అరగంట చాలు. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత వేగంగా నడవండి, అదే సరైన వేగం. అరగంట ఒకేసారి కుదరకపోతే పొద్దున 15, రాత్రి భోజనమయ్యాక 15 నిమిషాలు. భోజనం తర్వాత నడిచే ఆ పావుగంట రక్తంలో షుగర్ ఎక్కువగా పెరగకుండా కూడా ఆపుతుంది. మీ వారిని వెంట తీసుకెళ్లండి, ఆయనకూ మంచిదే. ఖమ్మం ఎండల సంగతి మీకు నేను చెప్పాలా? ఏప్రిల్, మే నెలల్లో ఆరున్నరలోపు నడక ముగించాలి. కుదరకపోతే ఇంట్లోనే కానివ్వండి.

ఆడవాళ్లు దాదాపుగా వదిలేసేది ఆ రెండు రోజుల బలం వ్యాయామం. అది చేస్తే మగవాళ్లలా కండలు తిరుగుతాయని భయపడతారు. అలా జరగదు. కరిగిపోయే కండను నిలబెట్టడం, పోయింది కొంత తిరిగి తెచ్చుకోవడం మాత్రమే జరుగుతుంది. జిమ్ అక్కర్లేదు. కుర్చీ అంచున కూర్చుని చేతులు ఆనించకుండా లేచి, మెల్లగా మళ్లీ కూర్చోవడం, పది సార్లు. మన బళ్లలో తీయించే గుంజీలకు ఇది సగం రూపం, మోకాళ్లకు అంత భారం పడదు. గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కి నెట్టుకోవడం, పది సార్లు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం పైకి లేపడం. లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని భుజాల పైకి ఎత్తడం. ఈ నాలుగూ ఒక చుట్టు, మూడు చుట్లు చేస్తే ఇరవై నిమిషాలు. రెండు వారాలకోసారి లెక్క కాస్త పెంచండి. తొడ కండరం బలపడితే మెట్లెక్కేటప్పుడు మోకాలి నొప్పి కూడా తగ్గే అవకాశం ఎక్కువ. గెంతడాలు, స్కిప్పింగ్ ఇప్పుడే వద్దు. మోకాలు వాచినా, నొప్పి రోజుల తరబడి ఉన్నా ఎముకల డాక్టర్‌కు చూపించుకోండి. పొట్ట ఒక్కటే తగ్గించే వ్యాయామాలు, చెమట పట్టించే బెల్టులు అంటూ ఎవరైనా అమ్మజూపితే డబ్బు పెట్టకండి. కొవ్వు ఏ చోటు నుంచి కరగాలో మనం నిర్ణయించలేం, చెమటగా పోయేది నీళ్లే.

పరగడుపున అరగంట నడవడంలో తప్పులేదు. కళ్లు తిరిగినట్టు ఉంటే ముందు సగం అరటిపండు తినండి. బలం వ్యాయామం చేసిన రోజు పెసరట్టు, గుడ్డు మాత్రం మానొద్దు. నడిచొచ్చాను కదా అని ఒక వడ ఎక్కువ వేసుకోవడం, వడ ఎక్కువ తిన్నాను కదా అని రేపు రెండు గంటలు నడవడం, ఈ రెండూ వద్దే వద్దు. తిండికీ వ్యాయామానికీ మధ్య అలా బేరం మొదలైతే మనసుకు శాంతి ఉండదు, చివరికి రెండూ విసుగొచ్చి వదిలేస్తాం. సంక్రాంతికి రెండు అరిసెలు తృప్తిగా తినండి, మర్నాడు మామూలు పెసరట్టు, మామూలు అరగంట నడక. అంతే.

బ్యాలెన్స్ తప్పుతోందని ఒళ్లే చెబుతుంది. రోజూ నడిచే దూరమే భారమవడం, ఆకలితో అర్ధరాత్రి మెలకువ రావడం, పిల్లల మీద ఊరికే కేకలేయడం, నెలసరి తప్పడం, మళ్లీ జుట్టు రాలడం. వీటిలో రెండు కనిపించినా తిండి కొంచెం పెంచండి, ఇంకో అరకప్పు అన్నమో, ఇంకో గుడ్డో. వ్యాయామం రెండు రోజులు తగ్గించుకోండి. మీలాంటి పట్టుదల ఉన్నవాళ్లు ఇలాంటప్పుడు ఇంకా బిగిస్తారు, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను. నిద్ర కూడా ఇందులో భాగమే. పేపర్లు దిద్దుతూ అయిదు గంటలే పడుకున్న మర్నాడు ఆకలి, తీపి మీద కోరిక ఎంత పెరుగుతాయో మీరే గమనించండి. ఏడు గంటలు పడుకోగలిగితే నోరు కట్టుకోవడం సగం తేలికవుతుంది. పరీక్షల నెలలో ఏమీ కుదరకపోతే రెండు బలం వ్యాయామాలు, భోజనం తర్వాత పావుగంట నడక మాత్రం పట్టుకోండి. ఆ నెల బరువు తగ్గకపోయినా ఫర్వాలేదు, పెరగకుండా ఉంటే అదే గెలుపు.

బరువు రోజూ చూసుకోకండి. ఉప్పు ఎక్కువ తిన్నా, నెలసరి ముందు రోజులైనా కిలో, రెండు కిలోలు అటూ ఇటూ అవుతుంది, దానికి దిగులు పడి తిండి మానేస్తారు. వారానికి ఒకే రోజు, పొద్దున్నే, అదే మిషన్ మీద. దానితో పాటు నెలకు రెండుసార్లు టేపుతో నడుం చుట్టుకొలత. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. కొన్నిసార్లు బరువు కదలదు గానీ టేపు రెండు సెంటీమీటర్లు తగ్గి కనిపిస్తుంది, అంటే కొవ్వు పోయి కండ నిలుస్తోందని అర్థం.

ఈ వారం పరీక్షలు చేయించుకుని, కప్పు కొలత అన్నం, పొద్దున పెసరట్టు, కుర్చీ వ్యాయామం, ఈ మూడింటితో మొదలుపెట్టండి. నూనె సంగతి వచ్చే నెల సరుకులప్పుడు చూడొచ్చు. మూడు నెలల తర్వాత బరువు, నడుం కొలత, పరీక్షల రిపోర్టులు రాసి పంపండి. 70 దగ్గరికి వచ్చాక ఒంటికి కావాల్సిన కేలరీలు ఇప్పటికంటే తగ్గుతాయి, ఇదే తిండితో బరువు తగ్గే వేగం నెమ్మదిస్తుంది. అప్పుడు అన్నం తగ్గించాలా, నడక పదిహేను నిమిషాలు పెంచాలా అన్నది మీ రిపోర్టులు చూసి చెబుతాను.